దోర్నాల అడవి దారిలో జీవాలు చూశానని చెప్పాను

దోర్నాల అడవి దారి గురించి రాయమని మీలో చాలామంది ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. రాస్తున్నాను గానీ ఈసారి ఫొటోలు లేవు. కెమెరాలో నూట ముప్పై దాకా ఉన్నాయి, కొన్ని బాగానే వచ్చాయి కూడా. పెట్టడానికి చేతులు రావడం లేదు. అసలు ఈ ప్రయాణం మొదలైంది పంతం మీద. ఆరేళ్ళుగా ఎండాకాలం సెలవులు ఇవ్వగానే ఏదో ఒక అడవికి పోతున్నాను. మూడు రాష్ట్రాల్లో నాలుగు అడవులు తిరిగాను, ఒక్కచోటా పులి కనబడలేదు. నేను బయల్దేరానంటే పులులన్నీ సెలవు పెట్టి ఊరెళ్ళిపోతాయని మా ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్తాడు. నేను పుట్టి పెరిగింది కాకినాడలో. ఉద్యోగం విజయవాడలో, హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. రైలెక్కితే నాలుగైదు గంటల్లో చేరే నల్లమలను వదిలేసి ఎక్కడెక్కడో డబ్బు తగలేస్తున్నానని ఈ ఏడు నాకే సిగ్గేసింది. మే రెండో వారానికి టికెట్టు తీసుకున్నాను. అప్పటికి చెలమలు ఎండిపోయి, నీళ్ళున్న చోటుకే అడవంతా చేరుతుంది, కాబట్టి జంతువులు తేలిగ్గా కనబడతాయి. అది నిజమే. ఆ నీళ్ళ దగ్గరికి మనుషులు కూడా వస్తారన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

సాయంత్రం రైలు మార్కాపురం రోడ్డు చేరేసరికి రెండు గంటలు ఆలస్యమైంది. దారిలో పెద్ద గాలివాన. కిటికీ అద్దాలు దించుకుని కూర్చున్నాం, బయట తాటిచెట్లు విల్లుల్లా వంగుతున్నాయి. వాన అరగంటే కురిసింది గానీ గాలి మాత్రం ఇళ్ళ మీది రేకులు లేపుకుపోయింది. స్టేషను నుంచి ఆటోలో ఊళ్ళోకి వచ్చి, బస్టాండు దగ్గర తొమ్మిది వందలకు ఒక గది తీసుకున్నాను. కరెంటు లేదు. లాడ్జి ఆయనే కారు కూడా మాట్లాడిపెట్టాడు. పొద్దున్న అయిదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా, డీజిలుతో కలిపి నాలుగు వేలు. ఆ రేటు ఎక్కువేమీ కాదు, ఘాట్ రోడ్డు తెలిసిన డ్రైవరు దొరకడం ముఖ్యం. డ్రైవరు పేరు కాశయ్య. యాభై దాటిన మనిషి, బొలెరోను తన ఎద్దులాగా చూసుకుంటాడు. నా ట్రైపాడ్ చూసి, "పులి కోసమా మేడం?" అన్నాడు. అవునన్నాను. "నేను ముప్పై ఏళ్ళుగా ఈ దోవలో తిరగతన్నా. నాకు రెండుసార్లు అగపడింది. రెండుసార్లూ దాన్ని చూడాలని పోలేదు" అన్నాడు. ఆ మాటకు నవ్వాను. ఆ రోజు నేను చాలా మాటలకు నవ్వాను.

అయిదుంబావుకు బయల్దేరి పెద్దారవీడు మీదుగా దోర్నాల చేరేసరికి ఆరు కావస్తోంది. దారి పొడుగునా రాత్రి గాలికి విరిగిన వేపకొమ్మలు, బొప్పాయి తోటల్లో మొదళ్ళతో సహా పడిపోయిన చెట్లు. తోట గట్టు మీద ఒక రైతు తలకు తువ్వాలు చుట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. అడవి గేటు ఆరింటికి తెరుస్తారు, రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా బండ్లను పోనివ్వరు కాబట్టి మీ లెక్క అందుకు తగ్గట్టు వేసుకోండి. గేటు దగ్గర బండి నంబరు రాసుకుని రుసుము తీసుకుంటారు. దారిలో ఆగకూడదు, దిగకూడదు, కోతులకు ఏమీ పెట్టకూడదు. మూడో నియమాన్ని మా ముందు పోతున్న కారువాళ్ళు మొదటి మలుపులోనే అరటిపళ్ళ గెలతో తుడిచేశారు. ఆ తర్వాతి మలుపులో లారీ తొక్కేసిన కోతి ఒకటి పడి ఉంది. తెలతెలవారే వెలుగులో మొదట అదేదో గోనెసంచి అనుకున్నాను. పక్కన ఇంకో కోతి కూర్చుని దాన్ని కదిలించి కదిలించి చూస్తోంది. కాశయ్య చక్రం తప్పించి గేరు మార్చాడు.

అడవి ఎండాకాలంలో అందంగా ఉండదు, ఆ ఆశతో పోకండి. ఆకు రాలిన చెట్లు బూడిదరంగులో నిలబడి ఉంటాయి, నేలంతా ఎర్రగా మాడి ఉంటుంది. కానీ అందుకే లోపలికి చూపు ఆనుతుంది. మొదటి గంటలో రెండు నెమళ్ళు, ఒక కొండముచ్చుల గుంపు, తుప్పల్లో ముట్టె ఆడిస్తూ పోతున్న అడవిపంది కనబడ్డాయి. గేటుకు మూడు కిలోమీటర్ల లోపల ఒక పాత కల్వర్టు ఉంది. దాని కింద వాగు ఎండిపోయినా, దిగువన బండల మధ్య కాస్త నీరు నిలిచి ఉంది. ఆరున్నరకు అక్కడ చూశాను, చుక్కల జింకల మంద. ఒకటీ రెండూ కాదు, ముప్పైకి పైనే. ఆరేడు పిల్లలు తల్లుల పొట్టల కింద దూరుతున్నాయి. నీళ్ళు తాగి తలెత్తినప్పుడు ఎండ పడి వాటి ఒళ్ళు ఎర్రటి మట్టిరంగులో మెరిశాయి. కాశయ్య బండిని బాగా నెమ్మది చేశాడు. కిటికీలోంచే ఫొటోలు తీసుకున్నాను. పులి కాకపోతేనేం, ఇన్ని జింకలు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. ఎవరికైనా చెప్పాలని నోరు దురదపుట్టింది. లోపల ఫోను సిగ్నలు లేదు, అందువల్ల ఆ సంబరమంతా నాలోనే ఉండిపోయింది. ఇది రాయడానికి కారణం ఉంది, ఆ తర్వాత నేను చేసిన పనికి ఆ సంబరం కూడా కారణమే.

ఇంకో ఇరవై కిలోమీటర్లు పోయి, వెనక్కి తిరిగి, తొమ్మిదిన్నరకు గేటు దాటి బయటికొచ్చాం. గేటు దాటిన కాసేపటికే ఇంజను వేడెక్కింది. కాశయ్య చింతచెట్టు నీడన బండి ఆపి, బానెట్ ఎత్తి, క్యాను పట్టుకుని చేతిపంపు వెతుక్కుంటూ పొలాల వైపు పోయాడు. నేను డోరు తీసుకుని కెమెరాలో ఫొటోలు తిప్పుకుంటున్నాను. అడవి అంచు నుంచి ఒకామె గబగబా వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేతిలో పొడుగాటి కర్ర పట్టుకుని ఉంది. కాళ్ళ నిండా ముళ్ళ గీతలు. వెనకాల దూరంగా, టీవీఎస్ బండి పక్కన ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. ఆమె పేరు అంకమ్మ అనీ ఆయన ఆమె భర్త గురవయ్య అనీ తర్వాత తెలిసింది.

"అక్కా, అడివిలో నుంచే గదా వస్తన్నారు? యాడన్నా జీవాలు అగపడినాయా?" అని అడిగింది.

జీవాలు అనే మాట నేను తరగతిలో రోజుకు పదిసార్లు అంటాను. జీవాలు, నిర్జీవాలు. అడవి జీవాలు, నీటి జీవాలు. ఒక పల్లెటూరి ఆవిడ దారినపోయే నన్ను ఆపి అడవిలో జంతువులు చూశావా అని అడుగుతోందని నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

"ఓ, చూశాం! బోలెడు!" అన్నాను.

ఆమె ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "యాడ అక్కా?"

"కల్వర్టు దగ్గర. గేటుకు మూడు కిలోమీటర్ల లోపల. దిగువన బండల మధ్య నీళ్ళు తాగుతున్నాయి."

"ఎన్నుంటాయి?"

"ముప్పై దాకా."

"ఎర్రయ్యేనా?"

"ఎర్రవే."

"పిల్లలు గూడ ఉండాయా?"

"ఉన్నాయి. ఆరేడు ఉంటాయి. చాలా ముద్దుగా ఉన్నాయి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎందుకు తుడుచుకుంటోందా అని ఒక్క క్షణం అనిపించింది, ఎండకు చెమట పట్టిందేమో అనుకున్నాను. కెమెరా చేతిలోనే ఉంది. ఉండు, చూపిస్తాను అనబోయాను. అనేలోపే వెనక్కి తిరిగి, "ఓయ్, ఉండాయంట! కల్వట్టు కాడ ఉండాయంట!" అని అరుస్తూ పరుగెత్తింది. ఆ ఫొటో ఒక్కటి ఆమె ముందు పెట్టడానికి నాకు రెండు సెకన్లు చాలేవి. ఇవాళ్టికి పన్నెండు రోజులు, ఆ రెండు సెకన్లే తలుచుకుంటున్నాను. వాళ్ళిద్దరూ బండిని అక్కడే ఓ పొద చాటున పెట్టి, గేటు వైపు కాకుండా పక్కనున్న కాలిదోవన అడవిలోకి దూరారు.

కాశయ్య నీళ్ళు తెచ్చి రేడియేటరులో పోస్తుంటే చెప్పాను. "ఇప్పుడే ఒకావిడ జింకలు కనబడ్డాయా అని అడిగి వెళ్ళింది కాశయ్య గారూ. చెప్పాను."

"జింకల్నా?" అన్నాడు మూత బిగిస్తూ. "ఈళ్ళెందుకు అడగతారు మేడం జింకల్ని? దినాం చూసేవే గదా."

దానికీ నవ్వాను.

దోర్నాలలో రోడ్డు పక్క హోటల్లో టిఫినుకు కూర్చున్నాం. రెండు దోసెలు, ఒక టీ, యాభై రూపాయలు. అల్లంపచ్చడి బాగుంటుంది, అడిగి వేయించుకోండి. దోసెలు పోస్తున్న పెద్దావిడ, "ఏమన్నా అగపడినాయా అమ్మా?" అని పలకరించింది. నేను మొత్తం చెప్పాను, జింకల మంద, ఎర్రటి ఒళ్ళు, పిల్లలు. ఆ ఊపులోనే, "మీ వాళ్ళకు కూడా అడవంటే భలే ఇష్టమే. ఒకావిడ పరుగెత్తుకొచ్చి జీవాలు అగపడినాయా అని అడిగింది" అన్నాను.

ఆమె అట్లకాడ పట్టుకుని ఆగిపోయింది. "జీవాలంటే గొర్రెలమ్మా."

"ఏంటి?"

"గొర్రెలు, మేకలు. మా కాడ వాటినే జీవాలంటాము. రాత్రి గాలివానకు బెదిరి ఎవురియో పోయినట్టుండాయి. దానికి ఏం చెప్పినావు నువ్వు?"

 కాశయ్య దోసె వదిలేసి లేచి నిలబడ్డాడు. తాము మేపే నెల్లూరు జాతి గొర్రెలు ఎర్రగా ఉంటాయని ఆ పెద్దావిడ ఇంకేదో అంటోంది, నాకు సగమే వినబడింది. ఎర్రయ్యేనా అని అడిగింది. ఎర్రవే అన్నాను. ప్లేటు పక్కకు నెట్టి డబ్బులు బల్ల మీద పెట్టాను. తప్పిపోయిన ముప్పై రెండు గొర్రెలను (ఆ లెక్క తర్వాత తెలిసింది) వెతుక్కుంటున్న మొగుడూ పెళ్ళాలను, ఎండిన అడవిలో మిగిలిన ఒకే ఒక నీటి మడుగు దగ్గరికి, చూసి వచ్చినట్టు ఆనవాళ్ళతో సహా నేనే పంపించాను. ఆ మడుగుకు జింకలే వస్తాయా?

కాశయ్య ఆ దారిలో అంత జోరుగా బండి తోలడం అంతకుముందు చూడలేదు. గేటు కనబడగానే మాత్రం వేగం తగ్గించాడు. "మేడం, వాళ్ళు దొంగదోవన పోయినారు. లోపల జీవాలను మేపకూడదు. మనం గేటులో చెప్పినామంటే వాళ్ళ మీద కేసు అయితాదేమో. అందుకే వాళ్ళు గేటోళ్ళను అడక్కుండా మిమ్మల్ని అడిగినారు" అన్నాడు. చెప్పకపోతే ఏమవుతుందన్నాను. ఆయన గేటు ముందు బండి ఆపాడు. నేనే దిగి చెప్పాను. గేటు దగ్గరున్న వాచరు చెంచు మనిషి, చిన్నగా, ఎముకల గూడులా ఉన్నాడు. నేను చెబుతున్నది సగం విని, "ఆ మడుగు కాడ పిల్లతల్లి ఎలుగుంది. మూడు దినాల నుంచి అక్కడే తునికిపండ్లు తింటాంది" అని గొడ్డలి తీసుకున్నాడు. ఇంకో ఇద్దరిని పిలిచి మా బండి ఎక్కాడు.

కల్వర్టు దగ్గర వాళ్ళు ముగ్గురూ దిగి వాగులోకి పోయారు. మమ్మల్ని బండి దిగవద్దన్నారు. టైము పదకొండు. ఎండ బండి రేకును కాలుస్తోంది. కాశయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. నేను మొక్కని దేవుడు లేడు. మనిషి కనబడకపోయినా ఫరవాలేదు, వాళ్ళు దోవ తప్పి ఎటో పోయి ఉంటే చాలు అనుకున్నాను. ఇరవై నిమిషాలకు దూరంగా ఒక అరుపు వినిపించింది. ఆడగొంతు. ఒకటే అరుపు, మళ్ళీ లేదు. తర్వాత ఏమీ వినిపించని గంట అంతకంటే ఘోరంగా గడిచింది.

పన్నెండున్నరకు పైకి తీసుకొచ్చారు. రెండు కర్రలకు అంకమ్మ చీర చెంగు చించి కట్టి, దాని మీద గురవయ్యను మోసుకొచ్చారు. ముఖం మీద తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు ఏ రంగుదో తెలియకుండా ఉంది. నేను ఒక్కసారే చూశాను, అది ఇక్కడ రాయను. అంకమ్మ పక్కన నడుస్తోంది. ఆమె కర్ర సగానికి విరిగి ఉంది. ఎలుగు మీద పడ్డప్పుడు ఆమె ఆ కర్ర విరిగేదాకా దాన్ని కొట్టిందని వాచరు చెప్పాడు. "ఈమె లేకుంటే మనిషి దక్కేటోడు కాదు. ఎలుగుది తప్పు లేదు, పిల్లకూ దానికీ మధ్యలో నిలబడినాడు" అన్నాడు. మధ్య సీటు వంచి ఆయనను పడుకోబెట్టాం. అంకమ్మ కింద కూర్చుని తల పట్టుకుంది. నేను ముందు సీటు ఎక్కబోతుంటే కాశయ్య చెవిలో చెప్పాడు. "ఇప్పుడే ఏమీ చెప్పబాకండి మేడం. ఆసుపత్రికి పోయినాక చెబుదురు." ఆ మాట వినడానికే నిలబడ్డట్టు తలూపాను. చెప్పకుండా ఉండడానికి ఎవరో ఒకరు సాకు ఇస్తే బాగుండునని నాకు లోపల ఉంది. అది సిగ్గులేని ఆశే, ఒప్పుకుంటున్నాను.

దోర్నాల దాటగానే ఫోను సిగ్నలు వచ్చింది. అంకమ్మ రొంటిన దోపుకున్న ఫోను తీసి మరిదికి చేసింది. ఒక చేత్తో మొగుడి తల పట్టుకునే ఉంది.

"శీనయ్యా, మీ అన్నను ఎలుగు కొట్టింది. బతికినాడు. మార్కాపురం తీసకపోతన్నాము. నువ్వు రాబాక. ఇంగో ఇద్దర్ని ఎంటేసుకోని కల్వట్టు కాడికి పో. జీవాలు ఆ వాగులోనే ఉండాయి. ఈ అక్క కండ్లారా చూసింది. పొద్దుగూకితే చిరుత ఒక్కటి మిగల్చదు, బిన్నా పో."

కాశయ్య అద్దంలో నా వైపు చూశాడు. ఫోను పెట్టేసి అంకమ్మ నన్ను అడిగింది. "అక్కా, ఎడమ చెవి కొస కోసి ఉందా వాటికి? మా జీవాలకు అదే గుర్తు."

నేను వెంటనే చెప్పి ఉంటే ఇక్కడ గర్వంగా రాసుకునేదాన్ని. చెప్పలేదు. పెద్దారవీడు దాకా, ఎన్ని కిలోమీటర్లో లెక్కపెట్టలేదు, ముందు అద్దంలో నుంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఆ శీనయ్య అనే మనిషి ఈపాటికి చెప్పులు వేసుకుంటూ ఉంటాడని తోచింది. ఆ ఎలుగు పిల్లతో సహా అక్కడే ఉంది. అప్పుడు వెనక్కి తిరిగాను.

"అంకమ్మా, నేను చూసింది గొర్రెలను కాదు. జింకలను. జీవాలంటే మా వైపు జంతువులు. నాకు తెలియలేదు. మీ మరిదిని వెళ్ళొద్దని చెప్పు, ఇప్పుడే చెప్పు."

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కాశయ్య బండి పక్కకు తీసి ఆపబోతే, "నడుపన్నా, ఆపబాక" అంది. ముందు ఫోను చేసింది. "శీనయ్యా, పోబాక. అయ్యి మనయి కాదంట." అంతే చెప్పి పెట్టేసింది. తర్వాత నా వైపు చెయ్యి చాచింది. కెమెరా అడుగుతోందని తెలిసి ఇచ్చాను. ఫొటో తెరిచి పెట్టాను. ఆమె రక్తం అంటిన వేలితో తెరను తాకకుండా, దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఒళ్ళంతా చుక్కలుండాయి గదక్కా" అంది. తెర మీంచి కళ్ళెత్తి, "తెలియకపోతే తెలియదనాల. అంతే గదా అనాల్సింది. నేను బతిమాలి అడిగినానా చూసినానని చెప్పమని?" అంది. అరవలేదు. అరిస్తే నాకు తేలికయ్యేది. నన్ను క్షమించమని అడిగాను. ఆమె కెమెరా తిరిగి ఇచ్చేసింది.

అప్పుడు గురవయ్య కదిలాడు. అంతసేపూ స్పృహ లేదనుకున్నాం. తువ్వాలు కింద నుంచి, మాట కూడా సరిగా రాక, "దొరికినాయా?" అన్నాడు.

అంకమ్మ నన్ను చూసింది. చూస్తూనే ఆయనతో చెప్పింది. "దొరికినాయి. అన్నీ దొరికినాయి. శీనయ్య తోలకపోతన్నాడు. నువ్వు మాట్లాడబాక."

"పిల్లలు?"

"పిల్లలు గూడ."

"ఎవురు చూసినారు?"

"ఈ అక్కే."

ఆయన కుడిచెయ్యి సీటు అంచున వెతుక్కుంది. నాకు తగల్లేదు, ముందు సీటు వెనకభాగానికి తగిలింది. దాన్నే పట్టుకుని, "సల్లగుండు తల్లీ" అన్నాడు. మార్కాపురం దాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. నా వీపు వెనకే.

మార్కాపురం ఆసుపత్రిలో కట్లు కట్టి గుంటూరు తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సులో వాళ్ళతో నేను కూడా వెళ్ళాను. కాశయ్య ఇంటికి వెళ్ళేముందు బండి వెనక భాగం రెండుసార్లు కడిగాడు, నేను ఎక్కువ ఇవ్వబోతే మాట్లాడుకున్న నాలుగు వేలే తీసుకున్నాడు. గుంటూరులో రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఎడమకన్ను పోయింది. కుడికన్ను సంగతి కట్టు విప్పితే గానీ చెప్పలేమన్నారు. కేసు మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. గొర్రెల్లో పందొమ్మిది మూడో రోజున దొరికాయి, తూర్పున, అడవికి పూర్తిగా ఎదురు దిక్కున, ఒకరి జొన్నచేలో. ఆ ఉదయం నేను కనబడకముందు గురవయ్య అటు వెళ్దామనే అన్నాడట. మిగతా పదమూడు, పిల్లలతో సహా, జాడ లేవు. నేను రెండు రోజులకొకసారి విజయవాడ నుంచి బస్సెక్కి వెళ్ళి మంచం పక్కన కూర్చుంటున్నాను. అంకమ్మ నాతో అవసరమైనంత మాట్లాడుతుంది. ఆయన మాత్రం నా అలికిడి వినబడితే చాలు, మంద ఎలా ఉంది, పిల్లలు పాలు తాగుతున్నాయా అని అంకమ్మను అడిగి, నేనూ వినాలన్నట్టు, "ఈ తల్లి చూడబట్టి" అంటాడు.

అడవిని చూడటానికి పోయినప్పుడు నేను ఎప్పుడూ నాకు కనబడేదేమిటి అనే లెక్కలోనే ఉన్నాను. ఎన్ని నెమళ్ళు, ఎన్ని జింకలు, పులి కనబడిందా లేదా. ఆ దారి అంచున బతికేవాళ్ళకు అదే చోటు మేత, నీళ్ళు, భయం. వాళ్ళు అడిగే ప్రశ్నకు నా సంబరంతో జవాబు చెప్పాను. తెలుగు నా భాషే అనుకున్నాను, పాఠాలు చెప్పేదాన్ని కూడా. అయిదు గంటల రైలు ప్రయాణంలో ఒక మాట మారిపోతుందని నాకు తట్టలేదు, మారి ఉంటుందేమో అడుగుదామనీ అనిపించలేదు. దీన్ని దురదృష్టం అనుకోమని మా ఆయన అంటున్నాడు. దురదృష్టం గురవయ్యది. నాది తొందర.

మీరు ఆ వైపు పోతే గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. మార్కాపురం, గిద్దలూరు, కంభం, అర్ధవీడు, దోర్నాల, ఎక్కడైనా సరే, జీవాలంటే గొర్రెలూ మేకలూ. దారిలో ఎవరైనా ఆపి అడిగితే ఫోటో తీసి ఉంటే ముందు అది చూపించండి, తర్వాతే నోరు తెరవండి. ఇక గురవయ్య కట్టు ఈ సోమవారం పదింటికి విప్పుతారు. నిన్న అంకమ్మ ఫోను చేసింది. "ఆయన అడిగేది ముందు జీవాల మాటే. ఇన్నాళ్ళూ నేను అబద్ధం చెప్పినాను, ఇంగ చెప్పలేను. చూసినానని చెప్పింది నువ్వు, చూడలేదని గూడ నువ్వే వచ్చి చెప్పక్కా" అంది. తొమ్మిదింటికే అక్కడుంటాను. ఆయన నా ముఖం మొదటిసారి చూసేది అప్పుడే, చూడగలిగితే.